సందుకు ఇద్దరు

పీహెచ్‌డీలో చేరినవాళ్లను జనం మెచ్చుకుంటారు. ఆరేళ్లయినా పూర్తి చేయనివాళ్లను చూసి జాలిపడతారు. నేను ఆ రెండో రకంలోకి దిగిపోయిన ఏడాది మా విశ్వవిద్యాలయంలో ఒక పథకం పెట్టారు. థీసిస్ చివరిదాకా వచ్చి ఆగిపోయినవాళ్లను ఎనిమిది మందిని ఎంచి, పది నెలలపాటు ఖర్చులకిచ్చి, ఒక గదిలో కూర్చోబెట్టి రాయిస్తారు. ట్యూషన్లు చెప్పకూడదు, వేరే ఉద్యోగం చేయకూడదు, రాయడమే పని. సూరత్ బట్టల వ్యాపారంలోని పెద్దలు కొందరు కలిసి నడిపే ఒక ట్రస్టు ఆ ఖర్చంతా పెట్టుకుంది. నా థీసిస్ ఏమో వాళ్లకు బట్ట నేసిపెట్టే మనుషుల గురించి. ఇది కొంచెం తేడాగా ఉందే అని నాకు తట్టకపోలేదు. కానీ ఆకలి మీదున్నవాళ్లు వడ్డించే చెయ్యి ఎవరిదని చూడరు కదా, నేనూ చూడలేదు.

మాది కరీంనగర్ వైపు నేతపని కుటుంబం. నాకు నాలుగేళ్లప్పుడు బాపు మమ్మల్ని సూరత్ తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. చెవులు సగం సాంచాలకే ఇచ్చేసి, ఇప్పుడు లింబాయత్‌లోని మా రెండు గదుల ఇంట్లో టీవీని వీధంతా వినేలా పెట్టుకుని కూర్చుంటాడు. నేను సాంచాల మధ్య పెరిగినదాన్నని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేదాన్ని. ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాను, తలలూపి మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే నేను పెరిగింది సాంచాల చప్పుడు మధ్య. సాంచా ముందు ఒక్క పూట కూడా నిలబడిన మనిషిని కాదు.

రాసే గది మూడో అంతస్తులో ఉండేది. ఎనిమిది బల్లలు, ఒక తెల్ల బోర్డు. నలభై ఐదు నిమిషాలు రాయాలి. గంట మోగగానే పావుగంట లేచి తిరగాలి. మళ్లీ కూర్చోవాలి. సోమవారం ఆ వారంలో ఏం రాస్తామో బోర్డు మీద అందరికీ కనపడేలా పెట్టాలి, గురువారం రాసింది చదివి వినిపించాలి. ఇదంతా బాపుకు చెప్తే, "అయితే నీది గూడ పాళీయేనాయె" అని నవ్వాడు. సూరత్‌లో షిఫ్టును పాళీ అంటారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గది నాకు చేసిన మేలు ఇంకెవరూ చేయలేదు. ఆరేళ్లుగా కదలని బండి నాలుగు నెలల్లో మూడు అధ్యాయాలు దాటింది. మాకు రాయడం నేర్పడానికి బయటి నుంచి ఒక మేడం వచ్చేది. చాలా ఓపికగల మనిషి. ఎవరు ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో మొహం చూసి చెప్పేది. మా ఎనిమిది మందిలో ఎవరైనా ఏడిస్తే (అందరమూ ఏడ్చినవాళ్లమే) టీ తెప్పించి, తాగాక మళ్లీ రాయమనేది. నేను ఆమెను నమ్మాను, ఇప్పటికీ ఆమె మీద నాకు కోపం లేదు.

నాలుగో అధ్యాయం దగ్గర మళ్లీ ఆగాను. అది జోల్వాలోని ఒక కార్ఖానాలో జరిగిన ప్రమాదం గురించి. అటూ ఇటూ పరుగెత్తుతూ పేకపోగును మోసే కొయ్యముక్కను నాడె అంటారు. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. అది గీత తప్పి ఎగిరితే మనిషి మీదికి రాకుండా సాంచా ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ అడ్డం ఉంటే తెగిన పోగు అతకడానికి ఆలస్యమవుతుందని అక్కడి మేనేజరు దాన్ని తీయించాడు. పదిహేను రోజులు గడిచాయో లేదో, నాడె ఎగిరి ఒక నేతగాడి కన్ను పోయింది. ఆ సాయంత్రమే కడ్డీ మళ్లీ బిగించారు. కడ్డీ ఎప్పుడూ ఉందని, పని తొందరలో అతనే విప్పుకున్నాడని చెప్పి, చేతిలో ఏదో పెట్టి ఊరికి పంపేశారు.

ఇదంతా కళ్లారా చూసి నాకు చెప్పినాయన మా బాపుతో పాతికేళ్ల కింద కలిసి పనిచేసినవాడు. నేను కాకా అని పిలుస్తాను. చెప్పేముందు ఆయన ఒకటే అడిగాడు. "నా పేరు రాదు గద బిడ్డా?" రాదన్నాను. ఆయన కొలువు, ఆయన ఉంటున్న గది రెండూ ఆ కార్ఖానా నడిపే సేఠువే. కొలువు పోతే సాయంత్రానికి గది కూడా పోతుంది.

పేరు రానివ్వలేదు. వయసు మార్చాను, జిల్లా మార్చాను, ఊరు జోల్వా అని కూడా రాయలేదు. పరిశోధనల వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే విశ్వవిద్యాలయం నైతిక విలువల కమిటీ ప్రతి పేజీ చూసి సరేనంది. అయినా అధ్యాయం చప్పగా ఉందని మేడం అంది. చదివేవాడు అక్కడ నిలబడి చూస్తున్నట్టుండాలి, ఆ మనిషి కళ్లతో రాయి, అంది. నేను కాక మాటల రికార్డింగు మళ్లీ విన్నాను. "అటు సాంచ చూసి ఇటు మర్లిన. వాడు వంగి పోగు అతుకుతుండు. కిటికి ఎలుతురు మొకం మీద వడ్డది. ఎడమ పెట్టెలకెల్లి నాడె లేసింది. కడ్డి ఉంటే తాకి పడిపోతుండె." ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు, మర్లడం, వెలుతురు, నాడె వచ్చి ఆగే ఎడమవైపు పెట్టె, అన్నీ దించాను. గురువారం చదివితే మేడం ఆ పేజీ ఇంకోసారి చదవమంది. నాకు గర్వంగా అనిపించింది. దాచిపెట్టి ఏం లాభం, చాలా గర్వంగా అనిపించింది.

ఎనిమిదో నెలలో ట్రస్టువాళ్లు మా పని చూస్తామన్నారు. ఒక్కొక్కరి రాతలోంచి ఒక్కో పేజీ తీసి, ఫోటోతో చిన్న పుస్తకం అచ్చు వేశారు. నా పేజీగా మేడం ఆ పేజీనే ఎంచింది. నేనూ అదే ఎంచేదాన్ని. రింగ్ రోడ్‌లో ఒక మార్కెట్ పైఅంతస్తులోని హాల్లో సభ పెట్టారు. కింద బట్టల బేళ్లు మోస్తున్నవాళ్ల కేకలు, పైన మాకు చల్లటి మజ్జిగ, ఫాఫ్డా. ట్రస్టు పెద్దల్లో ఒకాయన, తెల్లబట్టల్లో ఉన్న ముసలాయన, నా పేజీ దగ్గర ఆగి వేలితో గీత గీస్తున్నట్టు చదివాడు. చదివి మళ్లీ మొదటి నుంచి చదివాడు. నన్ను దగ్గరికి పిలిచి, చాలా బాగా రాశావమ్మా, మనవాళ్ల పని ఇంత దగ్గరగా చూసినవాళ్లు లేరు అని హిందీలో మెచ్చుకున్నాడు. తర్వాత, ఇది పగటి పాళీలో జరిగిందా, రాత్రి పాళీలోనా అని అడిగాడు. కిటికీ వెలుతురు రాశాను కదా, పగటి పాళీయే అన్నాను. అంత శ్రద్ధగా చదివాడని నేను మురిసిపోయాను. ఆయన తలూపి, ఆ పేజీ మూల మడిచి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్లు తమ పుస్తకాలు కుర్చీల్లోనే వదిలేసి భోజనానికి వెళ్లారు.

నాలుగు రోజులు ఏమీ జరగలేదు. ఐదో రోజు ఆదివారం. ఫోటో ఉన్న పుస్తకమని బాపు దాన్ని వచ్చిపోయేవాళ్లకు చూపిస్తున్నాడు. లోపల ఏముందో చదివి చెప్పమన్నాడు. ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయాను, చెవి దగ్గర గట్టిగా. నవ్వుతూ వింటున్నవాడు మధ్యలో టీవీ ఆపాడు. మా ఇంట్లో టీవీ ఆగితే చెడ్డ కబురేదో వచ్చినట్టే.

నాడె ఏ పక్క నుంచి లేచింది అని అడిగాడు. ఎడమ అన్నాను. చెప్పినాయన అతని మొహం చూశాడా, వీపు చూశాడా అని అడిగాడు. మొహం అన్నాను. బాపు లేచాడు. గోడవైపు ఉన్న మంచాన్ని లాగి, రెండో మంచానికి ఎదురుగా పెట్టి, మధ్యలో మనిషి పట్టేంత సందు వదిలాడు. ఇవి రెండు సాంచాల వరసలు అనుకో అన్నాడు. ఆ సందులో నిలబడి వెనక్కి తిరిగి చూపించాడు. పక్క సందువాడికి సాంచాల వెనకభాగాలు, పడుగు చుట్టిన బీములు అడ్డం. ఎదురుగా నిలబడ్డవాడి మొహం, కిటికీ, ఎడమ పెట్టె మూడూ ఒకేసారి కనపడాలంటే అదే సందులో ఉండాలి.

"సందుకు ఇద్దరే ఉంటరు బిడ్డా," అన్నాడు బాపు. "ఒకని కన్ను వాయె. ఇగ మిగిలిందెవడు?"

కమిటీలో అయిదుగురు ప్రొఫెసర్లు చదివారు, మేడం చదివింది, నాతో రాసే ఏడుగురు విన్నారు. ఎవరికీ కనపడనిది సాంచా నడిపిన ముసలాయనకు టీవీ ఆపినంత సేపట్లో కనపడింది. పేజీ మూల మడిచి తీసుకెళ్లిన ముసలాయనకు, సాంచాలు నడిపించే సేఠుకు మాత్రం కనపడదా? బాపు మంచాలు సర్దలేదు. వాటి మధ్యనే నిలబడి, జోల్వాకు పోయి చెప్పిరా అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

సోమవారం పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్లి ఆ పేజీ వెనక్కి తీసుకోవాలన్నాను. ఆమె టీ తెప్పించింది. పుస్తకాలు పంచేశాం కదా అంది. ఎక్కడా పేరు లేదు, కమిటీ చూసింది, నువ్వు ఎందుకు కంగారుపడుతున్నావో నాకు తెలుసు అంది. ముగింపు దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకూ ఏదో తప్పు చేశామన్న భయం పట్టుకుంటుందట. గత ఏడాది ఒకమ్మాయి తన అంకెలన్నీ తప్పని వారం రోజులు నిద్రపోలేదట, చివరికి ఒక్క తప్పూ లేదట. నేను మంచాల సంగతి చెప్పబోయాను. ఇంగ్లిషులో చెప్తుంటే నాకే పిచ్చిమాటల్లా వినిపించాయి. గంట మోగింది, వెళ్లి కూర్చున్నాను. నలభై ఐదు నిమిషాల్లో ఒక్క ముక్క రాయలేదు.

మధ్యాహ్నం కడోదరా దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటోలో జోల్వా వెళ్లాను. కార్ఖానా గేటు ఇంకా పది అడుగులుందనగా వాచ్‌మన్ గదిలోంచి బయటికొచ్చి నన్ను చూశాడు. మళ్లీ లోపలికి వంగి గోడ వైపు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. అతని గదికి కిటికీ ఉంది. గోడకు అతికించి ఉన్నది నా పేజీయే. నా ఫోటో ఉన్న సగం.

అక్కడే ఆగాను. నేను వెళ్లి ఎవరిని పిలిస్తే వాళ్లే దోషులవుతారు. కాకను కాపాడటానికొచ్చి కాక పేరు నేనే గేటు దగ్గర చెప్పబోయాను. దారి తప్పినదానిలా పక్క కార్ఖానా పేరు అడిగి, వెనక్కి తిరిగాను. ఆటో దొరికేదాకా వాచ్‌మన్ అక్కడే నిలబడి నన్నే చూశాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని.

ఇంటికొచ్చాక కాక భార్యకు ఫోన్ చేశాను. ఆమె ముక్తసరిగా, ఈడికి రాకు, ఎల్లుండి బార్డోలీ బస్టాండుకు రా, ఆయన వస్తాడు అని పెట్టేసింది. ఆ రెండు రోజులు నేను రాసే గదికి వెళ్లాను. వెళ్లకపోతే బోర్డు మీద నా పేరు పక్కన సున్నా పడుతుంది. భయపడుతూ కూడా ఆ సున్నా గురించి ఆలోచించాను, అదీ నా సంగతి.

బార్డోలీ బస్టాండులో కాక ఒక్కడే లేడు. పక్కన ఆయన బామ్మర్ది, బామ్మర్ది భార్య, చంకలో ఏడాది పాప. వాళ్ల ముందు రెండు మూటలు, ఒక గ్యాస్ స్టవ్వు, తాడుతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీ. బామ్మర్ది కూడా అదే కార్ఖానాలో నేతగాడు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. ఏమైందో కాకే చెప్పాడు, నా మొహం చూడకుండా.

ట్రస్టు ముసలాయన నుంచి పుస్తకం అందగానే సేఠు శుక్రవారమే పాత రిజిస్టరు తెప్పించాడట. ప్రమాదం జరిగిన రోజు, పగటి పాళీలో, ఆ సందులో ఎవరున్నారని. రిజిస్టరులో బామ్మర్ది పేరుంది, నాకు చెప్పింది అతనేనని పనిలోంచీ గదిలోంచీ తీసేశారు. కాకది ఆ వారం రాత్రి పాళీ. కానీ ఆ పొద్దున బామ్మర్ది భార్యకు నొప్పులొస్తే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాడు, అతని బదులు కాక నిలబడ్డాడు. దీన్ని బదిలీ అంటారు. మావాళ్లలో ఇది మామూలు. పెళ్లికో చావుకో పోవాల్సి వస్తే సేఠుకు చెప్పరు, చెప్తే పాళీ పోతుంది. అక్కబావలకో తోడల్లుడికో చెప్పుకుంటారు. మనిషి మారతాడు, రిజిస్టరులో పేరు మారదు. మా బాపు నా చిన్నప్పుడు ఎన్నోసార్లు ఎవరికోసమో వెళ్లి నిలబడి వచ్చినవాడే. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆరేళ్ల పరిశోధనలో ఒక్కసారైనా, ఆ రోజు ఆ పాళీ నీదేనా కాకా అని అడిగానా అంటే, అడగలేదు.

"నేను కాదని చెప్పలేదా మరి?" అని బామ్మర్దిని అడిగాను.

"అంటే ఎవరని అడుగుతరు గదక్కా." అతని గొంతులో కోపం లేదు. "బదిలీ సంగతి తెలిస్తే ఇద్దరం పోతుంటిమి. ఒక్కరి పొయ్యన్న ఉండనియ్యి."

చక్కెర మిల్లులో మూటలెత్తే పని ఉందట, సీజన్ అయ్యేదాకా. తర్వాత చూడాలన్నాడు. పదేళ్ల నేతపని చేతిలో పెట్టుకుని మూటలెత్తడానికి పోతున్నాడు. అతను రికార్డింగులో ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ కార్ఖానాలో నేను, పరిశోధన కోసం మాట్లాడటానికి ఒప్పుకుంటున్నామనే అంగీకార పత్రాలు పట్టుకుని తిరిగినప్పుడు, మన బిడ్డే గదా అని చదవకుండానే అందరూ సంతకాలు చేశారు. ఇతనొక్కడే కాగితం వెనక్కిచ్చాడు. "సంతకం పెట్టినంక మాట నాది గాదక్కా" అన్నాడు. ఆ మాట బాగుందని నా నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

నేను ఏడ్చాను. బస్టాండులో అందరూ చూస్తుంటే సిగ్గు లేకుండా ఏడ్చాను. సేఠు దగ్గరికి వెళ్తానన్నాను, థీసిస్‌లోంచి ఆ పేజీ చింపేస్తానన్నాను, సందు మార్చి, పక్క మార్చి రాస్తానన్నాను. కాక మొదటిసారి తలెత్తాడు. బామ్మర్ది భార్య పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని అంది.

"మార్చకు. మారిస్తే మల్ల చదువుతరు. ఉన్నది ఉన్నట్టే ఉండనియ్యి."

ఆమె చెప్పింది నిజం. సేఠు తప్పు మనిషిని పట్టుకుని వెతకడం ఆపేశాడు. నా పేజీలో ఒక్క అక్షరం కదిలినా మళ్లీ మొదలవుతుంది, ఈసారి కాక దాకా వస్తుంది. నిజం చెప్పిన మనిషి నిలవాలంటే, చెప్పని మనిషే చెప్పాడన్నట్టు నా పేజీ అలాగే ఉండాలి. బస్సు వచ్చింది. మూటలు ఎక్కించడానికి కాక సాయం పట్టాడు, నేను కుర్చీ అందించాను. బస్సు కదిలాక కాక ఒక సంగతి చెప్పాడు. ఆ సందులో ఇద్దరు కొత్తవాళ్లను పెట్టారట, ఊరి నుంచి నెల కింద వచ్చినవాళ్లు. కడ్డీ మళ్లీ తీసేశారట.

దీని మీద కూడా నేనేమీ చేయలేదు. ఫిర్యాదు చేస్తే, లోపలి సంగతి నాకెవరు చెప్పారని అడుగుతారు. కాక ఇంకా లోపలే ఉన్నాడు.

థీసిస్ గడువులోపు ఇచ్చేశాను. ఎనిమిది మందిలో గడువులోపు ఇచ్చినవాళ్లం ముగ్గురమే. నాలుగో అధ్యాయంలో ఆ పేజీ అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంది. మేడం కౌగిలించుకుని, చూశావా, అదంతా ముగింపు భయమే అంది. అవునన్నాను. ఆఖరి విడత డబ్బు విడుదల కావాలంటే పథకం వాళ్ల ముగింపు ఫారం ఒకటి నింపాలి. అన్నీ సులభమైన ప్రశ్నలే. ఎన్ని పేజీలు రాశారు, గది ఉపయోగపడిందా, ఇతరులకు ఈ పథకాన్ని సిఫారసు చేస్తారా. ఉపయోగపడింది, చేస్తాను అని రాశాను, రెండూ నిజాలే. చివరి ప్రశ్న దగ్గర ఆగాను. మీ పరిశోధనలో పాల్గొన్నవారిలో ఎవరికైనా దానివల్ల నష్టం జరిగిందా?

పాల్గొన్నవారంటే ఎవరో కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంగీకార పత్రం మీద సంతకం చేసినవారు. నేను ఫైలు తీసి జోల్వా పత్రాలన్నీ ఒక్కొక్కటి చూశాను. కాక సంతకం ఉంది, ఆయన సాంచాలు నడుస్తున్నాయి. మిగతా అందరూ పనిలోనే ఉన్నారు. కాగితం వెనక్కిచ్చిన మనిషి ఆ ఫైల్లో ఎక్కడా లేడు.

'జరగలేదు' అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. ఎవరు వచ్చి తనిఖీ చేసినా అందులో తప్పు పట్టలేరు.